కార్జం లేని ఆదివారం

మా అత్త లసుమవ్వకు కోరుట్లలో మా వాడ వరకు ఒక పదవి ఉంది. దానికి జీతం లేదు, కుర్చీ లేదు, ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు. ఆదివారం పొద్దున కోసిన యాటను పోగులు వేసేది ఆమే. పన్నెండిళ్ల వాళ్లం కలిసి ఒక పొట్టేలును కొంటాం. ప్లాస్టిక్ పట్టా మీద మోదుగాకులు పరిచి, ఇంటికొక పోగు పెట్టి, ప్రతి పోగులోకీ తొడ కూర ఇంత, పక్కటెముక ఇంత, బోటి ఇంత, కార్జం ఇంత అని పంచుతుంది మా అత్త. కాలేయాన్ని ఇక్కడ కార్జం అంటారు. మిగతా ముక్కల్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటారు గానీ కార్జం వేలెడంతైనా ప్రతి పోగులో ఉండాల్సిందే. అది కూడా అదే యాటది అయి ఉండాలి.

పోగులు వేయడం అయ్యాక మా మామ కిష్టయ్య వాటికి వీపు పెట్టి కూర్చుంటాడు. అత్త ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడుగుతుంది. మామ వెనక్కి చూడకుండా ఒక ఇంటి పేరు చెప్తాడు. ఆ పోగు ఆ ఇంటిది. ఇందులో అన్యాయం జరిగిందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అంటే అత్త ఊరుకునేది కూడా కాదు.

నేను ఎల్లారెడ్డిపేట పిల్లను. పెళ్లయి వచ్చిన కొత్తలో, దీనికి ఇంత రచ్చ ఎందుకు, దుకాణంలో అరకిలో తెచ్చుకుంటే పోలేదా అన్నాను. సిరిసిల్ల దిక్కు మనుషులకు పక్కింటివాళ్లు తిన్నారో లేదో కూడా పట్టదని అత్త అంది. సిరిసిల్ల వేరు, ఎల్లారెడ్డిపేట వేరు అని నేను, రెండూ ఒకటే అని ఆమె, ఆ పూటంతా వాదించుకున్నాం. మా ఇద్దరికీ నోరు ఎక్కువే. మా ఆయన రాజేశ్ దుబాయ్‌లో ఉండి బతికిపోయాడని వాడంతా అంటుంది. నిజమే కావచ్చు.

పొట్టేలును ఎంచడం కూడా అత్త పనే. శనివారం ఆటో ఎక్కి ఒకసారి ఇబ్రహీంపట్నం దిక్కు, ఒకసారి కొడిమ్యాల దిక్కు పోతుంది. నోరు తెరిచి పళ్లు చూస్తుంది, వీపు నొక్కుతుంది, అదిలించి నడక చూస్తుంది. అమ్మేవాడు విసుక్కుంటే, పెళ్లిచూపుల్లో కూడా ఇంత చూడరని నేను అందుకుంటాను. ఆదివారం తెల్లారి కటిక రాజేశం వచ్చి మా ఇంటి ముందు మురికినీళ్లు పోయే మోరీ పక్కన కోసేవాడు. అత్త నాలుగు బకెట్ల నీళ్లు కొట్టేది. వాడలోని కుక్కలు వరుసగా కూర్చుని ఎదురుచూసేవి. కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా తెల్లటి నీటిగడ్డ కనిపిస్తే అత్త అంతమేర కోసి వాటికి విసిరేది. మంచిది మనుషులకు, పాడైంది కుక్కలకు. ఆమె లెక్క అట్లా ఉండేది, మా అందరికీ అది సరిగ్గానే తోచేది.

పోయిన ఎండాకాలం దగ్గరి పల్లెలో ఎవడో చచ్చిన గొర్రెను కోసి అమ్మాడు. తిన్నవాళ్లు వాంతులు, విరేచనాలతో దవాఖానాల పాలయ్యారు. ఎవరి ప్రాణాలకూ ముప్పు రాలేదు గానీ, ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉన్న చట్టం అప్పుడు మున్సిపాలిటీకి గుర్తొచ్చింది. మైకు కట్టిన ఆటో వాడవాడా తిరిగింది. ఇకనుంచి వీధుల్లో యాటను కోయొద్దు. ఊరి బయట కబేళాకు తోలుకుపోవాలి. పశువుల డాక్టరు దాన్ని ప్రాణంతో ఉండగా ఒకసారి, కోసినాక ఒకసారి చూడాలి. బాగుంటే కూర మీద నీలిరంగు ముద్ర వేస్తారు. రోగం ఉన్న భాగం ఉంటే తీసి సున్నం వేసి గోతిలో పూడుస్తారు. ముద్ర లేని కూర దొరికితే తీసుకుపోతారు, జరిమానా వేస్తారు.

దీని మీద వార్డు మీటింగు పెట్టారు. అత్త ముందు వరుసలో కూర్చుంది. మేము అమ్ముకోవడం లేదు కదా, మా యాటను మేము కోసుకుంటే సర్కారుకు ఏమిటి నొప్పి అని నిలదీసింది. పన్నెండిళ్ల వాళ్లు తింటున్నారంటే పన్నెండిళ్ల ఆరోగ్యం సంగతి అని ఆఫీసరు ఓపిగ్గానే చెప్పాడు. అయితే మా ఇంట్లో వండే పప్పుకు కూడా ముద్ర వేస్తారా అని అత్త అడిగితే మీటింగంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వనిది ఒక్క భాగ్యశ్రీ. మాకు నాలుగిళ్ల అవతల ఉంటుంది, ఆరేళ్ల బిడ్డ ఉంది, మొగుడు సతీశ్ మస్కట్‌లో పని చేస్తాడు. చిన్నపిల్ల ఉన్న ఇల్లు తనదని, డాక్టరు చూడని కూర ఇక తీసుకోనని, ముద్ర ఉన్న దుకాణంలోనే కొనుక్కుంటానని ఆమె లేచి చెప్పింది. ఇంకో రెండిళ్ల వాళ్లు తలూపారు.

అత్త నవ్వు అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే మూడిళ్లు తప్పుకుంటే మిగతా తొమ్మిదిళ్లకు ఒక పొట్టేలు మోయలేని భారం. వాళ్లలో ఇద్దరు ముగ్గురు జారుకుంటారు. ఆ తర్వాత అందరూ తలా ఒక దుకాణం. ఆమె పెళ్లయి వచ్చిన నాటినుంచి ఉన్న ఆదివారం అట్లా పోవడం ఆమెకు ఊహకు కూడా అందలేదు. ఇంటికి వచ్చి చాలాసేపు చట్టాన్ని, ఆఫీసరును, మైకు ఆటోను తిట్టింది. చివరికి, సరే, కబేళాకే పోదాం, వాళ్లు ఏం చూస్తారో నేనూ చూస్తానని తేల్చింది.

కబేళాలో డాక్టరు శ్వేత. జగిత్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. చిన్న వయసు, మెల్లగా మాట్లాడుతుంది. ఆ మొదటి వారం పొట్టేలును ముందూ వెనకా చూసి, బాగుందని రెండు తొడల మీద రెండు ముద్రలు కొట్టింది. నా సెలెక్షన్ అంటే ఏమనుకున్నావ్ అన్నట్టు అత్త నా దిక్కు చూసింది.

అసలు తంటా వాడకు వచ్చాక మొదలైంది. అత్త ఎప్పటిలాగే పోగులు వేసింది. నీలిరంగు ఉన్న ముక్కలు రెండు పోగుల్లో పడ్డాయి. మిగతా పదిళ్ల వాళ్లు మా పోగుకు ముద్ర ఏది అన్నారు. ముద్ర పడిన ఇల్లు పాసైనట్టు, పడని ఇల్లు ఫెయిలైనట్టు మొహాలు పెట్టారు. యాట మొత్తానికి అదే ముద్ర అని నేను చెప్తే ఎవరూ వినలేదు. అత్తకు న్యాయం అంటే న్యాయమే. ఆ రెండు ముక్కలనూ వెనక్కి తీసుకుని, నీలిరంగు ఉన్న పైపొరను సన్నగా కోసి, పన్నెండు పేలికలు చేసి పోగుకొకటి పెట్టింది. అందరూ సంతోషంగా పోయారు. రాజేశ్ ఆ రోజు వీడియో కాల్‌లో గిన్నె చూపించమని, ఆ నీలి పేలికను చూసి, గదిలో ఉన్నవాళ్లందరినీ పిలిచి మరీ చూపించాడు. మీ అమ్మ సర్కారు ముద్రను కూడా పంచింది అని నేను చెప్తుంటే దుబాయ్‌లో నవ్వులు ఇక్కడికి వినబడ్డాయి.

పై వారం అత్త డాక్టరమ్మను పన్నెండు ముద్రలు కొట్టమంది. రెండు చాలునని ఆమె, తినేది పన్నెండిళ్లని ఈమె. నేను మధ్యలో దూరలేదు. నాకు ఇష్టమైన తగాదా అది, పాడు చేయబుద్ధి కాలేదు. చివరికి శ్వేత నవ్వేసి, పొట్టేలుకు మెడ నుంచి తోక దాకా ఇంకు అయిపోయేంతవరకు ముద్రలు కొట్టి ఇచ్చింది. అప్పటినుంచి వాడలో ముద్ర గొడవ లేదు. భాగ్యశ్రీ కూడా పోగు మానలేదు, కానీ మనసు దుకాణం మీదే ఉందని తెలుస్తూనే ఉంది.

చలికాలం మొదట్లో సతీశ్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. రెండేళ్ల తర్వాత రావడం. ఆ వారం భాగ్యశ్రీ మా ఇంటికి వచ్చి, తన మొగుడికి కార్జం వేపుడంటే ప్రాణమని, అక్కడ ఉన్నన్నాళ్లూ ఫోన్లో దాని ముచ్చటే చెప్పేవాడని అంది. ఈ ఆదివారం పోగు మంచిగా ఉంటే ఉంటామని, లేకుంటే వచ్చే వారం నుంచి తామూ ఆ రెండిళ్ల వాళ్లూ దుకాణంలోనే తీసుకుంటామని కూడా చెప్పింది. మొహం మీద చెప్పినందుకు నాకు కోపం వచ్చింది. అత్త మాత్రం కోప్పడలేదు. నువ్వు చూస్తూ ఉండు అని పంపించి, కొడిమ్యాల దాకా పోయి, మూడు మందలు వెతికి, నిగనిగలాడే పొట్టేలును పట్టుకొచ్చింది.

ఆదివారం కబేళాకు నేనూ పోయాను. ప్రాణంతో ఉన్నప్పుడు చూసి శ్వేత కూడా మంచి పొట్టేలు అంది. రాజేశం కోశాడు. కడుపు చీల్చి కార్జం బయటకు తీయగానే వాడి చెయ్యి ఆగింది. కార్జం నిండా తెల్లటి నీటిగడ్డలు. చిన్నవి, పెద్దవి, కొన్ని కోడిగుడ్డంత. తిత్తుల్లోనూ అవే.

కూర బాగుంది, ముద్ర వేస్తాను, కార్జం తిత్తులు మాత్రం గోతిలోకే అంది శ్వేత. గడ్డలున్న మేర కోసేసి మిగతాది ఇమ్మని అత్త అడిగింది. కుదరదంది డాక్టరమ్మ. అది పన్నెండిళ్ల కార్జం అని అత్త గొంతు లేచింది. బతిమాలింది, దబాయించింది, మళ్లీ బతిమాలింది. రాజేశం ఆమెను పక్కకు పిలిచి, ఇంకో యాట కార్జం ఉంది, దానికీ డాక్టరమ్మ పాస్ ఇచ్చింది, అది కొనుక్కుపోయి మన పోగుల్లో కలిపితే ఎవరికి తెలుస్తుందని గుసగుసలాడాడు. అత్త మొహం కొంచెం వెలిగింది. సరే తీసుకురా అంది.

వాడు అటు పోగానే ఆమె, అలవాటు చొప్పున, బండ మీద ఉన్న గడ్డల కార్జంలోంచి ఒక ముక్క తీసి గేటు దగ్గర కూర్చున్న కుక్కకు విసిరింది.

ఎప్పుడూ గొంతు పెంచని శ్వేత కేక పెట్టింది. గ్లౌజులతోనే పరుగెత్తి, కుక్క మూతి పెట్టేలోపు కాలితో దాన్ని అదిలించి, ఆ ముక్కను ఏరి తెచ్చి గోతిలో వేసింది. నేను బిత్తరపోయాను. అత్తయితే దొంగతనం చేస్తూ దొరికినదానిలాగా నిలబడిపోయింది.

శ్వేత చేతులు కడుక్కుని వచ్చి, మెల్లగానే చెప్పింది. ఆ గడ్డల్లో కంటికి కనబడని పురుగు పిల్లలు ఉంటాయట. గడ్డను తిన్న కుక్క కడుపులో అవి పెద్దవై గుడ్లు పెడతాయట. ఆ గుడ్లు కుక్క మలంతో మట్టిలోకి, దాని బొచ్చుకు, అక్కడినుంచి మన చేతికి, నోటికి. మనిషి కడుపులోకి పోయిన గుడ్డు ఏళ్లకేళ్లు పెరిగి ఇట్లాంటి గడ్డే అవుతుందట. ఆ కుక్కల మలం పడిన గడ్డి తిన్న గొర్రెకూ అంతే. వండిన కూరతో వచ్చేది కాదు, కుక్కలకు వేసే ముక్కతో వచ్చేదని, అందుకే చట్టంలో ఆ గొయ్యి, ఆ సున్నం, ఆ గేటు పెట్టారని చెప్పింది.

"మీ ఇంట్ల ఎవరికన్న కడుపుల నీటిగడ్డ అయ్యిందా అమ్మా?" అని అడిగింది.

అత్త బండ మీది గడ్డలనే చూస్తోంది. నేనే చెప్పాను. నాలుగేళ్ల కింద మామకు కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. కార్జంలోంచి తీసిన గడ్డను డాక్టరు గిన్నెలో పెట్టి మాకు చూపించాడు. ఇదిగో, ఇప్పుడు ఈ బండ మీద ఉన్నదానికీ దానికీ తేడా లేదు. మీ ఇంట్లో కుక్కను పెంచుతారా అని ఆయన అప్పుడు అడిగాడు కూడా. మేము పెంచం సారూ, అవి వాడ కుక్కలు అని అత్త చెప్పింది. అబద్ధం చెప్పాలని కాదు, ఆమెకు అట్లాగే అనిపించింది. పుండు మానేదాకా కల్లు ముట్టొద్దని ఆయన అన్న ఒక్క మాటను పట్టుకుని, కల్లు తాగే ఈ గడ్డ తెచ్చుకున్నాడని తీర్పు ఇచ్చేసి, ఆనాటినుంచి మామకు కల్లు బంద్ చేసింది. ఆయన కల్లు అమ్మే మండువ దిక్కు చూసినా ఇంట్లో గొడవే.

మామకు ఇక్కడి కుక్కల వల్లే వచ్చిందని తాను ఖాయంగా చెప్పలేనని, కానీ ఆ రోగం వచ్చే దారి మాత్రం ఇదేనని శ్వేత అంది. రాజేశం వేరే కార్జం పట్టుకుని వచ్చాడు. అత్త వద్దంటూ చెయ్యి ఊపింది.

ఆటోలో ఇంటిదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే నాకు భయం వేస్తుందని ఆ రోజే తెలిసింది. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

వాడంతా పట్టా చుట్టూ చేరింది. సతీశ్ కొత్త చొక్కా వేసుకుని, బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు. అత్త మోదుగాకులు పరిచింది, పోగులు వేసింది. తొడ, పక్కటెముక, బోటి. అక్కడికి ఆపి చేతులు తుడుచుకుంది. మామ వీపు పెట్టి కూర్చునే ఉన్నాడు. కార్జం ఏదని భాగ్యశ్రీ అడిగింది. అందరి కళ్లూ అదే వెతుకుతున్నాయి.

అత్త లేచి నిలబడింది.

"కార్జం లేదు. గడ్డలున్నయని డాక్టరమ్మ గోతిల ఏసింది. మంచి పనే చేసింది. ఇన్నేండ్ల సంది గసోంటి గడ్డలు కోసి మీ ఇండ్ల ముంగట కుక్కలకు ఏసింది నేనే. గా కుక్కల నుంచే మనుషులకు రోగం అస్తదట. మా ముసలాయన కడుపుల గడ్డ గట్ల అచ్చిందే. నేను ఎరుకలేక చేసిన, కని చేసింది నేనే. మీ పిల్లలు గూడ గవే కుక్కలతోని ఆడుతరు. గందుకే చెప్తున్న. నా పోగు వద్దనేటోళ్లు పోవచ్చు, నేనేమనుకోను."

ఎవరూ కదల్లేదు. ఆమె ఆదివారం అయిపోయిందనే అనుకున్నాను. సతీశ్ చంకలోని బిడ్డను చూస్తే నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

అప్పుడు మామ, వెనక్కి తిరగకుండానే, నింపాదిగా అడిగాడు.

"అయితె నా కల్లు ఏం పాపం చేసిందే లసుమీ?"

మొదట నవ్వింది సతీశ్. తర్వాత వాడంతా నవ్వింది. నేను కడుపు పట్టుకుని పట్టా అంచున కూలబడ్డాను. అత్తకు నవ్వాలో ఏడవాలో తెలియక పోగుల మీద ఈగలు తోలుతూ ఉండిపోయింది.

భాగ్యశ్రీ మాత్రం నవ్వకుండా బిడ్డను మొగుడి చంకలోంచి దింపి, మా ఇంటి నల్లా దగ్గరికి తీసుకుపోయి, ఆ పిల్ల రెండు చేతులూ సబ్బుతో మోచేతుల దాకా కడిగింది. వెనక్కి వచ్చి పోగుల ముందు నిలబడింది. "దుకాణపోడు గిట్ల చెప్తడా అత్తా? అచ్చే ఆదివారం నేను గూడ నీ తోటి కబేళాకు అస్త" అంది. తర్వాత మామతో, ఏ పోగు తమదో తొందరగా చెప్పమని, స్టవ్ మీద నూనె పెట్టి వచ్చానని చెప్పింది. ఆ రెండిళ్ల వాళ్లు ఒకరినొకరు చూసుకుని గిన్నెలు ముందుకు జరిపారు.

తర్వాతి వారం శ్వేత మా వాడకు వచ్చి కుక్కలకు పురుగుల మందు ఇప్పించింది. వాటిని పట్టింది మా అత్తే, ఇంకెవరు పిలిచినా అవి రావు. మందు బిళ్లలను అన్నం ముద్దల్లో పెట్టి ఒక్కొక్కదాన్ని బుజ్జగించి తినిపించింది. వాడలోని పిల్లలకు జగిత్యాలలో స్కానింగు చేయించారు, ఎవరికీ ఏమీ లేదు. ఇప్పుడు వేరే వాడలో ఎవరైనా మోరీ పక్కన యాటను కోస్తే మున్సిపాలిటీ వాళ్లకంటే ముందు మా అత్త చేరుకుని చట్టం చెప్తుంది. ఆ ఆఫీసరు ఎదురైతే ఆయనకు కూడా చెప్తుంది.

కానీ ఆ ఆదివారం సాయంత్రం సంగతి చెప్పకుండా ఆపితే నాకు మనసు ఒప్పదు. అత్త ఎవరికీ చెప్పకుండా మండువకు పోయి, కల్లు తెచ్చి, మామ ముందు పెట్టి, పక్కన కూర్చుంది. మామ రెండు గుక్కలు తాగి, చాలులే, అలవాటు తప్పింది అన్నాడు. ఆమె తల వంచుకుని, తన చేతులతో రోగం తెచ్చిపెట్టి నాలుగేళ్లు ఆయన్నే తిట్టానంది. తప్పయింది అన్న మాట ఆమె నోటినుంచి నేను వినడం అదే మొదలు.

మామ కల్లు పక్కకు పెట్టాడు.

"నా కడుపు కోసి కుట్టిండ్రు, నా పని అయిపాయె. ఇయ్యాల గా చిన్నపోరి చేతులు కడుక్కొని తిన్నది. నువ్వు నోరు మూసుకుంటె కడుగుతుండెనా?"

అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి ఆమె మొహం తుడుచుకుని, మండువలో అంతసేపు నిలబడి తెచ్చింది రెండు గుక్కలకేనా అని మామను తిట్టడం మొదలుపెట్టింది. మామ నవ్వుకుంటూ మిగతాది కూడా తాగాడు.